మొదటి అంతస్తు స్తంభం

పెదనందివాడ పురపాలక సంఘం పరిధిలో ఎవరైనా పిల్లల్ని చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోతే, ఆ రోజు నుంచి వాళ్ళు ఆ ఇంటికి స్తంభం కింద లెక్క. మాటవరసకి కాదు. శ్లాబు బరువు నిజంగానే భుజాల మీదికి దిగుతుంది. మనిషి మామూలుగానే తిరుగుతుంది, వండుతుంది, పిల్లల ముక్కులు తుడుస్తుంది. బరువు కూడా వెంటే తిరుగుతుంది. ఏడాది గడిచేసరికి భుజాల మీద సున్నప్పొడి లాంటిది తేలుతుంది గానీ, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది కాబట్టి దానికోసం ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్ళరు. ఊళ్ళో శ్లాబులన్నీ బాగానే నిలబడుతున్నందువల్ల పురపాలక సంఘం ఈ పద్ధతిని మార్చాలని ఎన్నడూ అనుకోలేదు.

పాలంకి భీమశంకరం ఈ సంగతి తెలుసుకోగలిగినంత దగ్గర్లోనే పదకొండేళ్ళు పనిచేశాడు. లైసెన్సు సర్వేయరు వీరభద్రాచారి గారి ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు గీయడం అతని ఉద్యోగం. ప్రతి ప్లాన్‌లోనూ వంటగదిలో, పొయ్యి గట్టుకి మూరెడు దూరంలో, ఒక చిన్న సున్నా చుట్టాలి. అది లేకపోతే ప్లాన్ అభ్యంతరంతో తిరిగొస్తుంది. చేరిన కొత్తలో అదేమిటని అడిగితే ఆచారి గారు గ్యాస్ సిలిండర్ అన్నారు. భీమశంకరం నమ్మాడు. రెండువేల పైచిలుకు వంటగదుల్లో సిలిండర్లు పెట్టాడు. ఒకాయన తమ వీధిలోకి గొట్టం గ్యాస్ వచ్చేసిందంటే సున్నా తీసేశాడు. ప్లాన్ వెనక్కి వచ్చింది. మళ్ళీ చుట్టాడు. చదువుకున్నవాడికి అక్కడైనా అనుమానం రావాలి. రాలేదు.

అసలు అనుమానం చిన్నప్పుడే రావలసింది. వాళ్ళమ్మ సీతారత్నం పుష్కరాలకి వెళ్ళిన మూడు రోజులూ వాళ్ళింటి హాల్లో శ్లాబు అంగుళన్నర కిందికి దిగింది. వాళ్ళ నాన్న మేస్త్రీని పిలిపించి వీధిలో నిలబెట్టి తిట్టాడు. సీతారత్నం తిరిగొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పగానే శ్లాబు పైకి లేచింది. తిడితేగానీ పనులు సరిగ్గా జరగవని ఆయన చివరిదాకా నమ్మాడు.

భీమశంకరం భార్య సువర్చల విద్యుత్ సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటరు. ఊళ్ళో ఏ వీధికి ఎప్పుడు కరెంటు పోతుందో, ఎప్పుడు వస్తుందో ఆమె చేతిలో ఉంటుంది. ఎనిమిది నెలల పాప తరళ పుట్టిన దగ్గర్నుంచి ఆమె సెలవులో ఉంది. వచ్చే సోమవారం ఉదయం ఆరింటికి డ్యూటీలో చేరాలి. పాపని శిశుసంరక్షణ కేంద్రంలో రెండు రోజులు పెట్టి చూశారు. మూడోనాడు వాళ్ళే ఫోన్ చేసి, పాప అందరినీ ఏడిపిస్తోంది, ఏమనుకోకుండా తీసుకుపొమ్మన్నారు. తరళ నిద్రపోయే చోటు ప్రపంచంలో ఒకటే. అది భీమశంకరం ఎడమ భుజం.

మంగళవారం సాయంత్రం మొగుడూ పెళ్ళాలిద్దరూ బల్లకి చెరోవైపు కూర్చున్నారు. ఎవరో ఒకరు మానాలి. సువర్చల తనే మానేస్తానంది గానీ, ఆ మాట చెబుతూ కిటికీలోంచి వీధి దీపం వంక చూసింది. ఆ చూపు భీమశంకరం కనిపెట్టాడు. పాప ఎలాగూ తన భుజం వదలదనీ, గీతలు ఎప్పుడైనా గీసుకోవచ్చనీ, తనే ఉండిపోతాననీ చెప్పాడు. చెప్పాక మనసు తేలికపడింది. అతనికి ఆ పని చేతనవునన్న ధైర్యం ఉంది. సువర్చల మాత్రం తలెత్తి పైన శ్లాబు వంక చూసింది.

"పాపని మీరు చూసుకుంటారండీ, ఆ బెంగ లేదు," అంది. "బరువు సంగతేం చేద్దాం?"

ఏ బరువని అడిగాడు. సువర్చల లేచి వంటగదిలోకి తీసుకెళ్ళి, గట్టు పక్కన నిలబడి, ఎడమ భుజం రవ్వంత దించింది. పైన శ్లాబు మూలిగింది. హాల్లో ఫ్యాను బెత్తెడు కిందికి దిగి, మళ్ళీ ఆమె నిటారుగా నిలబడగానే పైకి వెళ్ళింది. భీమశంకరం బీరువాలోంచి ఇంటి ప్లాన్ తీసి చూశాడు. ఆమె నిలబడ్డ చోట సున్నా ఉంది. ఆ ప్లాన్ గీసింది తనే. పదకొండేళ్ళ సిలిండర్లన్నీ ఒక్కసారి కళ్ళ ముందు నిలబడితే అతనికి సిగ్గేసింది. కళ్ళనీళ్ళు కూడా తిరిగాయి.

సువర్చల ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ఆడవాళ్ళకైతే దరఖాస్తు అక్కర్లేదు, కాన్పు సెలవు మంజూరవగానే బరువు దానంతటదే దిగుతుంది. తిరిగి ఉద్యోగానికి వెళ్ళినా దిగిపోదు, వెంట వస్తుంది. నిబంధనల్లో దూరం ప్రసక్తి లేదు. అలా మోసుకుంటూ ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. బస్సులో సీటు దొరికినా వాళ్ళు వెనక్కి వాలి కూర్చోరు. దూరం నుంచి మోస్తారు కాబట్టి వాళ్ళ ఇళ్ళలో శ్లాబు వేలెడు దిగి, తలుపులు సరిగ్గా పడవు. చూసినవాళ్ళు ఆవిడ ఇల్లు పట్టించుకోదంటారు. సబ్‌స్టేషన్‌లో పదకొండువేల వోల్టుల స్విచ్చి ముందు భుజాల మీద మేడతో నిలబడితే చెయ్యి ఎప్పుడైనా వణుకుతుందేమోనన్నదే తన భయమంది.

"అయితే బరువూ నేనే తీసుకుంటాను," అన్నాడు భీమశంకరం.

బుధవారం పట్టణ ప్రణాళికా విభాగంలో సీనియర్ అసిస్టెంట్ విస్సంరాజు గారు అతని మాట సాంతం విని, మర్యాదగా కుర్చీ చూపించారు. మగవాళ్ళకి ఫారం లేదు. ఉన్న ఫారంలో స్తంభం పేరు రాయడానికి గడి కూడా లేదు, భర్త పేరు అన్న గడి మాత్రమే ఉంది. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ పనిచేసుకునే మగవాళ్ళున్నారు కదా, వాళ్ళని ఏ గడిలో రాస్తారని భీమశంకరం అడిగాడు. వాళ్ళు కదిలే సామాను కింద వస్తారని విస్సంరాజు గారు చెప్పారు. మంచాలూ బీరువాలూ అదే పట్టికలో ఉన్నాయి.

ఫైలు పట్టుకుని ఆయన లోపలికి వెళ్ళి, గంట తర్వాత నవ్వుతూ వచ్చారు. కమిషనర్ గారు చాలా సంతోషించారట. భార్య కోసం ఉద్యోగం మానేసిన మగవాడు పురపాలక సంఘం చరిత్రలో లేడు కాబట్టి భీమశంకరానికి శోభాస్తంభం హోదా ఇమ్మన్నారట. శాలువా కప్పుతారు, ఇత్తడి ఫలకం ఇస్తారు, పేపర్లో ఫొటో వేయిస్తారు. శోభాస్తంభం మీద బరువుండదు. అందం కోసం పక్కన నిలబడితే చాలు.

బరువెక్కడుంటుందని భీమశంకరం అడిగాడు. ఎక్కడున్నది అక్కడే, ఆవిడ మీదే ఉంటుందన్నారు విస్సంరాజు గారు. ఆవిడకి అలవాటే కదా అని కూడా అన్నారు.

ఫలకం నమూనా బల్ల మీద తళతళలాడుతోంది. దాని మీద చెక్కిన తీగలు భీమశంకరానికి నచ్చాయి కూడా. మనిషన్నాక మెప్పు చేదా? వాళ్ళమ్మ నలభై ఏళ్ళు నిలబడితే ఎవరూ ఒక జేబురుమాలు కూడా కప్పలేదు, తను ఇంకా నిలబడకముందే శాలువా అంటున్నారు. ఆ లెక్క తేలక అతను ఫలకాన్ని పక్కకి జరిపాడు.

"నాకు బరువు కావాలండీ," అన్నాడు.

"బరువు కావాలని ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ," అన్నారు విస్సంరాజు గారు, కాస్త నొచ్చుకుని.

"అడక్కుండానే ఇచ్చేశారు కదండీ."

విస్సంరాజు గారికి ఆ మాటలో అభ్యంతరం పెట్టదగ్గది ఏదీ కనబడలేదు. భర్త పేరు అన్న గడిలో సువర్చల పేరు రాయించి, పటుత్వ పరీక్షకి శుక్రవారం తేదీ వేశారు. పరీక్ష తప్పితే శనివారం ఇంకో అవకాశం. అదీ తప్పితే బరువు మళ్ళీ ఆరేళ్ళదాకా మార్చడానికి వీల్లేదు.

శుక్రవారం తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టరు రసమట్టం, గుండుదారం పట్టుకుని వచ్చి, సువర్చలని బాల్కనీలోకి పంపి, కాగితం మీద సంతకం చేశాడు. బరువు దిగింది. భీమశంకరం దంతాలు గట్టిగా కరుచుకున్నాయి. నడినెత్తి నుంచి అరికాళ్ళదాకా ఇల్లు మొత్తం ఒకేసారి తెలిసింది. ఏ గోడ ఎక్కడుందో, ఏ పైపు ఎక్కడ కారుతోందో అన్నీ తెలిశాయి. కాళ్ళు దగ్గర పెట్టి, ఊపిరి బిగబట్టి, బొమ్మలా నిలబడ్డాడు. అతని భుజం మీద పెట్టిన రసమట్టంలో బుడగ సరిగ్గా నడిమధ్యన నిలిచింది. ఇన్‌స్పెక్టరు మెచ్చుకోలుగా తలాడించాడు.

పావుగంటకి తరళ ఏడ్చింది. భీమశంకరం అటు రెండడుగులు వేశాడు. శ్లాబు ఒక పక్కకి ఒరిగింది. పై అంతస్తులో ఏదో జారి, పడి, దొర్లి ఆగిన చప్పుడయింది. ఇన్‌స్పెక్టరు "అస్థిరం" అని రాసుకుని వెళ్ళిపోయాడు. బరువు బాల్కనీలో ఉన్న సువర్చల మీదికి పోయింది. ఆమె వచ్చి పాపని ఎత్తుకుని, అలవాటైన తీరులో నడుం కొద్దిగా వంచి నిలబడింది. ఏమైనా అని ఉంటే భీమశంకరానికి అంత బాధ ఉండేది కాదు.

మధ్యాహ్నం పై ఫ్లాటు జుబేదా దిగి వచ్చింది, ఆమె చీర కుచ్చిళ్ళ మీద పప్పు మరకలున్నాయి. జారిపడింది వాళ్ళ పప్పుగిన్నె. ఆమె వెనకే కింద నుంచి వాచ్‌మన్ భార్య పైడమ్మ వచ్చింది. ఆ అపార్ట్‌మెంటులో మూడు వంటగదులూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పైన జుబేదా, నడుమ సువర్చల, అడుగున పార్కింగులో రేకు తలుపు గదిలో పైడమ్మ. ముగ్గురూ ఒకే వరస. అందరి బరువూ చివరికి దిగేది పైడమ్మ మీదికే.

పైడమ్మ భీమశంకరాన్ని ఎగాదిగా చూసింది. "ఏటి బాబూ, తమరు స్తంభంనాగ నిలబడిపోనారట," అంది. "అలగ నిలబడితే ఎవులైనా పడిపోతారు. తిరుగుతుండాల. పనిలో ఉంటే బరువు తెలీదు."

ఆ మాట తర్వాత అసలు సంగతి జుబేదా చెప్పింది. గట్టు మీది అప్పడాల కర్ర తీసి, సింకు కింద నుంచి మూడంతస్తులకీ పోయే పైపు మీద రెండుసార్లు కొట్టింది. రెండు దెబ్బలంటే నేను కదులుతున్నాను, కాస్త పట్టుకోండి అని. ఒక దెబ్బంటే సరే, పట్టుకున్నాం అని. మూడు దెబ్బలంటే ఒంట్లో బాగాలేదు, ఈ పూట నన్ను వదిలెయ్యండి అని. పిల్లల్ని బడి నుంచి తేవాలన్నా, పాల ప్యాకెట్టుకి వెళ్ళాలన్నా, కాసేపు ఏడవాలన్నా ముందు పైపు మీద కొట్టాలి. నిబంధనల్లో ఇది లేదు. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉంది.

"రోజూ వినబడుతూనే ఉంటుంది కదా అన్నయ్య గారూ," అంది జుబేదా.

భీమశంకరానికి రోజూ వినబడింది. పైపులో గాలి చేరిందనుకుని రెండుసార్లు ప్లంబర్ని కూడా పిలిపించాడు. ఆ ప్లంబరు కూడా మగవాడే కాబట్టి గాలేనన్నాడు.

ఆ సాయంత్రమంతా సాధన చేశారు. శనివారం ఇన్‌స్పెక్టరు సంతకం చేసేసరికి భీమశంకరం బియ్యం కడుగుతున్నాడు. బరువు దిగినా చెయ్యి ఆపలేదు. కుక్కరు పెట్టాడు, తరళకి ఉగ్గు తినిపించాడు, నేల తుడిచాడు. ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి, గట్టు నుంచి తలుపు దాకా, బరువుని పిల్లని మార్చుకున్నట్టు మార్చుకుంటూ తిరిగాడు. తరళ ఏడవగానే అప్పడాల కర్రతో పైపు మీద రెండు దెబ్బలు కొట్టాడు. కింద నుంచి ఒకటి, పైనుంచి ఒకటి వినిపించాయి. పడగ్గదిలోకి వెళ్ళి పాపని భుజాన వేసుకొచ్చాడు. శ్లాబు కదల్లేదు.

ఆ చప్పుడేమిటని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"పైపులో గాలండీ," అన్నాడు భీమశంకరం.

ఇన్‌స్పెక్టరు నివేదికలో "స్థిరం" అని రాసి, కింద "ప్లంబరుకు చూపించవలెను" అని చేర్చాడు.

సోమవారం ఐదున్నరకి సువర్చల గేటు దాటింది. దాటుతూ అలవాటుగా నడుం వంచి, వంచాల్సిన పని లేదని గుర్తొచ్చి, నెమ్మదిగా నిటారుగా లేచింది. అరంగుళం పొడుగైనట్టు బాల్కనీలోంచి చూస్తున్న భీమశంకరానికి స్పష్టంగా కనబడింది. ఎనిమిదింటికి ఫోన్ చేసింది.

"చెయ్యి వణకట్లేదండీ," అంది.

సంసారం సాగింది, బాగానే సాగింది. మొదటి నెల అన్నం రెండుసార్లు మాడింది. మూడో నెలకి భీమశంకరం ఒక చేత్తో పాపకి నీళ్ళు పోస్తూ రెండో చేత్తో పోపు వేయగలిగాడు. బంధువులు నాలుగు రకాలుగా అనుకున్నారు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని ఒక బాబాయి ఫోన్ చేసి మరీ హెచ్చరించాడు. ఆ సమయానికి భీమశంకరం కూర్చుని లేడు, జుబేదా వాళ్ళ వాటా కూడా మోస్తున్నాడు. రోజూ రెండు నుంచి మూడు దాకా పైడమ్మ భారం పైవాళ్ళిద్దరూ పంచుకునే ఏర్పాటు అతనే చేశాడు. పెళ్ళయి కాపురానికి వచ్చాక పగలు కునుకు తీయడం అదే మొదలని పైడమ్మ చెప్పింది. కమిషనర్ గారు ఇత్తడి ఫలకం ఎలాగూ పంపించారు. వేడి గిన్నెలు దించడానికి అది బాగా పనికొచ్చింది.

సీతారత్నం ఒకరోజు కొడుకుని చూడటానికి వచ్చింది. వంటగది గుమ్మంలో నిలబడి అతని భుజాల వంక చూసి, చీర చెంగు తడిపి, ఆ తెల్లపొడి తుడిచింది. "ఎడమవైపు ఎక్కువ మొయ్యకురా, నాకు ఆ వైపే పోయింది," అంది. భీమశంకరం పుష్కరాల మాట ఎత్తబోయి, మానేసి, కాఫీ కలిపి ఇచ్చాడు. ఆవిడ అర్థమైనట్టే తలూపి, కాఫీలో పంచదార తక్కువైందని చెప్పింది.

తరళకి పద్నాలుగో నెల వచ్చాక ఒక ఉదయం వీరభద్రాచారి గారు కాగితాల చుట్టతో వచ్చారు. కొత్త కుర్రాడికి చెయ్యి సరిగా లేదు, కొత్తగా కట్టబోయే ఈ అపార్ట్‌మెంటు ప్లాన్ ఒకసారి చూసిపెట్టమన్నారు. భీమశంకరం కాఫీ పెట్టాడు. పాప అతని పిక్క పట్టుకుని లేచి నిలబడింది. పిల్లల్ని బడిలో దింపడానికి వెళ్తూ జుబేదా ఇందాకే రెండు దెబ్బలు కొట్టడం వల్ల ఆ సమయానికి అతని మీద రెండు శ్లాబులూ, ఒక నీళ్ళ ట్యాంకూ ఉన్నాయి.

"ఏం చేస్తున్నావయ్యా ఇప్పుడు?" అని అడిగారు ఆచారి గారు.

"ఏం లేదండీ, ఇంట్లోనే," అన్నాడు భీమశంకరం.

అనాలనుకుని అనలేదు. దానంతటదే వచ్చింది. వాళ్ళమ్మ ఎవరడిగినా అదే చెప్పేది. సెలవులో ఉన్నన్నాళ్ళూ సువర్చలా అదే చెప్పింది. ఆచారి గారు జాలిగా తలాడించి ప్లాన్ విప్పారు. ఇరవై నాలుగు వంటగదుల్లో ఇరవై నాలుగు సున్నాలున్నాయి, అన్నీ గాలి ఆడని మూలల్లో. భీమశంకరం పెన్సిలు తీసుకుని ఒక్కొక్కటీ చెరిపి, కిటికీల దగ్గరికి జరిపి గీశాడు.

"సిలిండర్‌కి కిటికీ ఎందుకయ్యా?"

"అది సిలిండర్ కాదండీ. మనిషి."

ఆచారి గారు నవ్వారు. ఇంట్లో ఒక్కడివే ఉండి ఉండి ఇలాంటి మాటలు వస్తున్నాయని, అప్పుడప్పుడు ఆఫీసుకి వచ్చి వెళ్తుండమని సలహా ఇచ్చారు. గ్యాస్ లీకైనా బయటికి పోతుంది కాబట్టి కిటికీ దగ్గరే ఉండనిమ్మన్నారు. భీమశంకరానికి అది చాలు. ఇరవై నాలుగు మందికి గాలి వస్తుంది.

కాగితాలు చుడుతూ ఆచారి గారు తన గోడు చెప్పుకున్నారు. నాలుగు రోజులుగా వాళ్ళింట్లో శ్లాబు దిగుతోంది. ఇంజనీర్ని తెచ్చి చూపిస్తే లోపమేదీ లేదన్నాడు. మేస్త్రీని కేకలేశారు, లాభం లేకపోయింది. సమయానికి వాళ్ళావిడ కూడా ఇంట్లో లేదు, వాళ్ళ చెల్లెలికి ఆపరేషన్ అని వెళ్ళింది.

"ఆవిడ ఎప్పుడొస్తారండీ?" అని అడిగాడు భీమశంకరం.

"ఎల్లుండి."

"అయితే ఎల్లుండికి బాగైపోతుందండీ."

ఆచారి గారు అతని వంక ఆశ్చర్యంగా చూశారు. ఇంట్లో ఖాళీగా కూర్చున్నా పని మర్చిపోలేదని మెచ్చుకున్నారు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆసరాకి భీమశంకరం భుజం పట్టుకుని, అరచేతికి అంటిన తెల్లపొడి ప్యాంటుకి తుడుచుకుని, గోడలకి సున్నం రాలుతోంది, రంగులు వేయించుకోమని చెప్పి మెట్లు దిగారు.

కింద నుంచి పైపు మీద రెండు దెబ్బలు వినిపించాయి. పైడమ్మ కూరగాయలకి వెళ్తోంది. భీమశంకరం ఒక దెబ్బ కొట్టి, పాప తన పిక్క వదలకుండా చూసుకుంటూ, కాళ్ళు కొంచెం ఎడం చేసి నిలబడి పప్పు కడగడం మొదలుపెట్టాడు.